విండోస్ 10 ఆగాక పాత కంప్యూటర్‌లో లినక్స్: ఎంపిక ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. మర్నాడు ఏ కంప్యూటరూ మొరాయించలేదు. బటన్ నొక్కితే ఆన్ అవుతుంది, పాత ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి, ప్రింట్ వస్తుంది. రాకుండా పోయినవి సెక్యూరిటీ అప్‌డేట్లు. ఇళ్లలో వాడుకునేవాళ్లు విడిగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా పొడిగింపు ఇచ్చారు. విండోస్ 11కి మారదామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, 8వ తరమో ఆ పైదో కావాలి. 2016లో కొన్న ఐ5 లాప్‌టాప్ ఎంత చక్కగా పనిచేస్తున్నా ఈ గడప దాటలేదు.

ఇలాంటి మెషీన్లు మన ఊళ్లలో కొల్లలు. జెరాక్స్ షాపులు, ట్యూషన్ సెంటర్లు, చిన్న ఆడిటర్ ఆఫీసులు, ప్రైవేట్ స్కూళ్ల ల్యాబులు, పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లల గదులు అన్నీ వీటితోనే నడుస్తున్నాయి. సిస్టమ్ నెమ్మదిస్తే బజారులో ఇచ్చి ఫార్మాట్ కొట్టించడం, క్రాక్ చేసిన విండోస్ వేయించడం చాలామందికి అలవాటైన పద్ధతి. విండోస్ లేకుండా డాస్‌తో వచ్చే చవక లాప్‌టాప్ కొన్నవాళ్లూ చాలాసార్లు ఇదే దారి పడతారు. ఆ క్రాక్ పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమని అడుగుతుంది. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే కంప్యూటర్‌లో ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాంకి పూర్తి అధికారం ఇచ్చి, కాపలాని పక్కకి పంపేయడం ఇది. డబ్బు పెట్టనక్కర్లేకుండా, చట్టబద్ధంగా, అప్‌డేట్లు ఆగకుండా నడిచే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ అందుబాటులో ఉండగా ఈ ప్రమాదం కొనితెచ్చుకోవాల్సిన అవసరం లేదు.

అయితే లినక్స్‌కి మారినవాళ్లలో కొందరు వారం తిరక్కుండానే వెనక్కి వచ్చేస్తారు. తప్పు చాలాసార్లు మొదటి ప్రశ్నలోనే ఉంటుంది. "ఏ లినక్స్ మంచిది?" అని మొదలుపెడితే ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్, జోరిన్ అంటూ పేర్ల అడవిలో తిరగడమే సరిపోతుంది. ముందు తేలాల్సినవి వేరే ఉన్నాయి. ఈ కంప్యూటర్ మీద రోజూ ఏ పని జరుగుతోంది, దానికి ఏ పరికరాలు తగిలించి ఉన్నాయి, చిక్కు వస్తే దగ్గర్లో సాయానికి ఎవరున్నారు అన్నవి తేలితే పేరు దానంతట అదే ఖరారవుతుంది.

పని నుంచి మొదలుపెట్టాలి

బ్రౌజింగ్, యూట్యూబ్, వాట్సాప్ వెబ్, మెయిల్, ఆన్‌లైన్ క్లాసులు, ఫారాలు నింపడం, ఉత్తరాలు టైపు చేయడం వరకే అయితే ఆలోచించాల్సింది ఏమీ లేదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, జూమ్, వీఎల్‌సీ అన్నీ లినక్స్‌లో ఉన్నాయి. ప్రోగ్రామింగ్ నేర్చుకునే ఇంజినీరింగ్ విద్యార్థికైతే విండోస్ కంటే ఇదే సుఖం. పైథాన్, జావా, గిట్, డాకర్ అన్నీ ఇక్కడ సొంతింట్లో ఉన్నట్టు నడుస్తాయి, ఉద్యోగంలో చేరాక ఎదురయ్యే సర్వర్లూ ఎక్కువగా లినక్స్‌వే.

చిక్కు కొన్ని నిర్దిష్టమైన పనుల దగ్గరే వస్తుంది. టాలీ ప్రైమ్ విండోస్ ప్రోగ్రాం. ఫోటోషాప్‌కీ, డెస్క్‌టాప్ ఎంఎస్ ఆఫీస్‌కీ లినక్స్ రూపాలు లేవు. వైన్ అనే సాఫ్ట్‌వేర్ కొన్ని విండోస్ ప్రోగ్రాములని లినక్స్‌లో నడిపిస్తుంది కానీ జీతాలూ జీఎస్టీ లెక్కలూ దాని భరోసా మీద పెట్టడం తెలివైన పని కాదు. లినక్స్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ పెట్టుకుని అందులో టాలీ నడపొచ్చు. దానికి లైసెన్స్ ఉన్న విండోస్ కావాలి, 8 జీబీ ర్యామ్ అయినా ఉండాలి. రోజంతా టాలీలోనే ఉండే కంప్యూటర్‌ని విండోస్‌లోనే వదిలేయడం మేలు. ఆఫీసులో ఐదు సిస్టమ్‌లు ఉంటే ఒకటి అలా ఉంచి, మిగతా నాలుగు మార్చుకోవచ్చు. అన్నీ ఒకేసారి మారాలన్న పట్టుదలే చాలాచోట్ల మొత్తం ప్రయత్నాన్ని చెడగొడుతుంది.

ఇన్‌కమ్ ట్యాక్స్, జీఎస్టీ పోర్టళ్లు బ్రౌజర్‌లో మామూలుగానే తెరుచుకుంటాయి. డిజిటల్ సంతకం కోసం గుచ్చే డీఎస్‌సీ టోకెన్‌తోనే సమస్య. ఆ టోకెన్ డ్రైవర్, పోర్టల్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రాం రెండూ లినక్స్‌కి దొరకాలి. టోకెన్ అమ్మిన వాళ్లని ముందే అడిగి తెలుసుకోవాలి. వేలిముద్రల స్కానర్ పెట్టుకుని ఆధార్ సంబంధిత సేవలు చేసే సెంటర్లకీ ఇదే వర్తిస్తుంది.

ప్రింటర్ సంగతి ఇంకొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే విసుగెత్తి వెనక్కి పోతారు. లినక్స్‌లో ప్రింటింగ్ పనంతా కప్స్ అనే వ్యవస్థ చూస్తుంది. గత పదేళ్లలో వచ్చిన వైఫై ప్రింటర్లలో చాలావాటికి డ్రైవర్ కూడా అక్కర్లేదు, నెట్‌వర్క్‌లో కనబడగానే చేరిపోతాయి. ఎప్సన్ ఎల్ సిరీస్ ఇంక్ ట్యాంక్ ప్రింటర్లకి లినక్స్ డ్రైవర్లు ఉన్నాయి. హెచ్‌పీ వాటికి హెచ్‌పీలిప్ అనే ప్యాకేజీ ఉంది. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటి పాత మోడళ్లకి మాత్రం హెచ్‌పీలిప్‌తో పాటు ఒక అదనపు ప్లగిన్ దించుకోవాలి. ఆన్ చేసిన ప్రతిసారీ ఆ ప్రింటర్‌కి దాని ఫర్మ్‌వేర్‌ని కంప్యూటరే పంపాలి మరి. అసలు తలనొప్పి మన జెరాక్స్ షాపుల్లో అడుగడుగునా కనబడే కానన్ ఎల్‌బీపీ 2900తో. అది మామూలు ప్రింటర్ భాషలు ఏవీ అర్థం చేసుకోదు. పేజీని చుక్కలుగా మార్చే పనంతా కంప్యూటర్ మీదే వేసి, క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో అందుకుంటుంది. కానన్ ఇచ్చిన లినక్స్ డ్రైవర్ పాతది, 32 బిట్ భాగాల మీద ఆధారపడుతుంది. తెలిసినవాళ్లు కూర్చుంటే పనిచేయించగలరు, కొత్తగా వచ్చినవాళ్లు ఒంటరిగా దాంతో తలపడకపోవడమే మంచిది. షాపులో ఉన్న ఏకైక ప్రింటర్ అదే అయితే ఆ ఒక్క సిస్టమ్ విండోస్‌లోనే ఉండనివ్వాలి.

ఏది, ఎందుకు

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు ఉపకరణాలు, 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే మూల భాగం) కలిసి మనం లినక్స్ అని పిలుస్తున్న వ్యవస్థ అయింది. దాన్ని బ్రౌజర్, ఆఫీస్, సెట్టింగులతో సహా వాడకానికి సిద్ధంగా కూర్చి ఇచ్చేవి డిస్ట్రోలు. వందల డిస్ట్రోలు ఉన్నాయని బెదరనక్కర్లేదు, కుటుంబాలు కొన్నే. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ ఒక పెద్ద కుటుంబానికి మూలం. 2004లో వచ్చిన ఉబుంటు డెబియన్ మీద నిలబడింది, 2006 నుంచి ఉన్న లినక్స్ మింట్ ఉబుంటు మీద నిలబడింది. మన దేశంలో ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసే బాస్ లినక్స్ కూడా డెబియన్ సంతానమే. రెడ్ హ్యాట్ అండతో నడిచే ఫెడోరాది వేరే కుటుంబం.

వాడేవాళ్లకి నిజంగా తేడా తెలిసేది రెండు చోట్ల. ఒకటి, కొత్త వెర్షన్ ఎంత తరచుగా వస్తుంది, పాతదానికి ఎంతకాలం అప్‌డేట్లు ఇస్తారు అన్నది. ఫెడోరా ఆరు నెలలకోసారి వస్తుంది, ఒక్కో వెర్షన్‌కి దాదాపు 13 నెలలు మద్దతు ఉంటుంది. ఉబుంటులో ఎక్కువకాలం మద్దతు ఉండే ఎల్‌టీఎస్ వెర్షన్ రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, ఐదేళ్లు నడుస్తుంది. 2024 జులైలో వచ్చిన మింట్ 22, ఉబుంటు 24.04 ఆధారంగా తయారైంది కాబట్టి దానికి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. ఒకసారి పెట్టి మరిచిపోవాలనుకునే ఇంటికి, షాపుకి ఐదేళ్ల హామీ చాలా విలువైనది. మరీ కొత్త లాప్‌టాప్ అయితే, దాని వైఫై చిప్‌నీ గ్రాఫిక్స్‌నీ గుర్తించే కొత్త కెర్నల్ తొందరగా అందుతుంది కాబట్టి ఫెడోరాకి ఓటు వేయొచ్చు.

రెండోది డెస్క్‌టాప్, అంటే కంటికి కనబడే మెనూలు, కిటికీల అమరిక. 2011లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ 3వ వెర్షన్ పాత అమరికని పూర్తిగా మార్చేసినప్పుడు చాలామందికి మింగుడుపడలేదు. ఆ అసంతృప్తిలోంచే మింట్ బృందం సినమన్ అనే డెస్క్‌టాప్ తయారుచేసింది, ఇంకొందరు పాత గ్నోమ్ 2ని మాటే పేరుతో బతికించుకున్నారు. సినమన్‌లో కింద టాస్క్‌బార్, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం ఉంటాయి. పదేళ్లు విండోస్ వాడిన చేతికి కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ. ఉబుంటులోని గ్నోమ్ అందంగానే ఉంటుంది, దాని పద్ధతి వేరు. కేడీఈ ప్లాస్మా అనే ఇంకో డెస్క్‌టాప్‌లో అన్నీ మార్చుకోవచ్చు, అదే కొత్తవాళ్లకి కొంచెం ఎక్కువైపోతుంది.

వీటన్నిటినీ కలిపి చూస్తే, విండోస్ నుంచి వచ్చే మామూలు వాడకందారుకి మింట్ సినమన్ చెప్పడం సబబు. 4 జీబీ ర్యామ్ ఉంటే మింట్‌లోనే తేలికైన డెస్క్‌టాప్ ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోవాలి. కాలేజీలో ఉబుంటు నేర్పుతుంటే ఇంట్లోనూ ఉబుంటు ఉండటమే తేలిక. అన్నీ చేత్తో అమర్చుకోవాల్సిన ఆర్చ్ లాంటి డిస్ట్రోలు నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్నవాళ్లకి అద్భుతంగా ఉంటాయి, అమ్మానాన్నల కంప్యూటర్‌లో మాత్రం పెట్టకూడదు.

"తేలికైన లినక్స్ వేస్తే పాత డబ్బా కూడా పరుగెడుతుంది" అన్న మాట తరచు వినబడుతుంది. ఇందులో సగమే నిజం. ఎక్స్‌ఎఫ్‌సీఈ తక్కువ ర్యామ్‌తో సర్దుకుంటుంది, నిజమే. కానీ బ్రౌజర్ తేలికైపోదు. నాలుగు ట్యాబులు తెరిస్తే 2 జీబీ ర్యామ్ ఏ డిస్ట్రోలోనైనా నిండిపోతుంది. పాత లాప్‌టాప్ నిజంగా కొత్తగా అనిపించాలంటే తిరిగే హార్డ్ డిస్క్ తీసేసి ఒక సాటా ఎస్‌ఎస్‌డీ వేయించాలి, వీలైతే ర్యామ్ 8 జీబీ చేయించాలి. ఈ రెండూ తెచ్చే మార్పు ఏ డిస్ట్రో కూడా తేలేదు. 32 బిట్ ప్రాసెసర్ ఉన్న పాత నెట్‌బుక్‌లకి మాత్రం దారి మూసుకుపోతోంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో వాటికోసం ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు.

పెన్‌డ్రైవ్ మీదే పరీక్ష

లినక్స్‌లో ఉన్న గొప్ప సౌకర్యం, ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడగలగడం. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. మింట్ సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైల్ (సిస్టమ్ మొత్తం ఇమిడిన ఒకే ఫైల్) దించుకుని, రూఫస్, బలేనా ఎచర్ అనే ప్రోగ్రాముల్లో ఒకదానితో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. మామూలుగా కాపీ చేసి పేస్ట్ చేస్తే బూట్ అవ్వదు.

ఎక్కించే ముందు ఒక పని ఉంది, దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. దిగిన ఫైల్ అసలుదేనా అని చెక్‌సమ్‌తో, అంటే ఫైల్ నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్యతో, సరిచూడాలి. 2016 ఫిబ్రవరి 20న మింట్ సైట్‌లోకి హ్యాకర్లు చొరబడి, సినమన్ ఎడిషన్ డౌన్‌లోడ్ లింకుని మార్చేశారు. ఆ రోజు దించుకున్నవాళ్లకి దొంగదారి పెట్టిన ఐఎస్‌ఓ చేతికొచ్చింది. మింట్ బృందం విషయం దాచకుండా వెంటనే బయటపెట్టింది. డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చే షా-256 సంఖ్యనీ, వీలైతే దాని మీది డిజిటల్ సంతకాన్నీ సరిచూసేది ఇలాంటి రోజు కోసమే. మొత్తం రెండు నిమిషాల పని.

కంప్యూటర్ ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కాలి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. పెన్‌డ్రైవ్ నుంచి డెస్క్‌టాప్ తెరుచుకున్నాక తొందరపడి ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కకూడదు. వైఫై కలుస్తోందా, శబ్దం వస్తోందా, వెలుతురు తగ్గించే మీటలు పనిచేస్తున్నాయా, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో పేజీ జరుగుతోందా అని చూడాలి. లాప్‌టాప్ మూత మూసి నిమిషం ఆగి తెరవాలి. నిద్రలోంచి సరిగ్గా లేవకపోతే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది. తర్వాత ప్రింటర్ తగిలించి ఒక పేజీ తీయాలి. కెమెరాతో ఒక వీడియో కాల్ చేయాలి. పెన్‌డ్రైవ్ కాబట్టి కాస్త నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి వేగాన్ని అంచనా వేయొద్దు. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకి, ఎన్విడియా కార్డులకి విడిగా డ్రైవర్ కావాలి. మింట్‌లో డ్రైవర్ మేనేజర్ దాన్ని చూపిస్తుంది. ఆ డ్రైవర్ దించుకునే వరకు ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి నెట్ వాడుకోవచ్చు.

ఇన్‌స్టాల్ చేసే అరగంట

ఇన్‌స్టాలేషన్ ఇప్పుడు కష్టమేమీ కాదు. భాష, కీబోర్డు, టైమ్ జోన్, పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ప్రమాదమంతా ఒక్క తెరలోనే ఉంది, డిస్క్‌ని ఏం చేయాలో అడిగే తెరలో. "డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చేయి" అన్నది ఎంచుకుంటే సీ డ్రైవ్ ఒక్కటే కాదు, డీ, ఈ డ్రైవ్‌లలో దాచుకున్న పెళ్లి ఫోటోలూ పోతాయి. మన దగ్గర చాలామందికి "ఫార్మాట్ కొడితే సీ మాత్రమే పోతుంది, డీలో ఉన్నవి ఉంటాయి" అన్న నమ్మకం బలంగా ఉంది. ఇక్కడ ఆ నమ్మకం నిలువునా ముంచుతుంది. కాబట్టి బ్యాకప్ తీసుకుని, ఆ బ్యాకప్‌లోని ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయని చూశాకే ముందుకి వెళ్లాలి.

విండోస్‌ని కూడా ఉంచుకోవాలంటే రెండు విడి డిస్కులు ఉండటం అన్నిటికంటే నిశ్చింత. లాప్‌టాప్‌లో ఒకే డిస్క్ ఉంటే, విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే ఖాళీ చోటు చేసి, ఆ ఖాళీలో లినక్స్ పెట్టాలి. అంతకుముందు విండోస్‌లో రెండు చూసుకోవాలి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. చాలా లాప్‌టాప్‌లలో అది ఎవరూ అడక్కుండానే ఆన్ అయి ఉంటుంది, బూట్ అమరిక మారగానే 48 అంకెల కీ అడుగుతుంది. ఇంకోటి ఫాస్ట్ స్టార్టప్. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లోకి ఏమీ రాయనివ్వదు. దాన్ని ఆపేయాలి.

ఇన్‌స్టాలర్‌కి అసలు డిస్కే కనబడకపోవడం కూడా జరుగుతుంది. బయోస్‌లో, అంటే కంప్యూటర్ మూల సెట్టింగుల్లో, స్టోరేజీ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ పద్ధతిలో పెట్టి ఉంటే ఇలా అవుతుంది. ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మారిస్తే డిస్క్ కనబడుతుంది, కానీ తగిన ఏర్పాటు లేకుండా మారిస్తే ఉన్న విండోస్ లేవదు. విండోస్ ఉంచుకోదలచినవాళ్లు ఈ మెట్టు దగ్గర తెలిసినవాళ్ల సాయం తీసుకోవాలి.

రెండూ పెట్టుకున్నాక ఒక వింత ఎదురవుతుంది. లినక్స్ వాడి విండోస్‌లోకి వెళ్తే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. మెషీన్ లోపలి గడియారాన్ని లినక్స్ అంతర్జాతీయ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. బ్యాటరీ పోయిందని కొత్తది వేయించనక్కర్లేదు, లినక్స్‌లో ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది. ఇంతకంటే పెద్ద చికాకులూ ఉన్నాయి. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ చాలామంది డ్యూయల్ బూట్ (రెండు సిస్టమ్‌లూ ఉన్న) కంప్యూటర్లలో లినక్స్‌ని బూట్ కానివ్వలేదు. డ్యూయల్ బూట్ మొదట్లో ఊతకర్రలా పనికొస్తుంది, దాన్ని శాశ్వత ఏర్పాటుగా చూడకపోవడం మంచిది. విండోస్ తెరిచి నెలలు గడిచిపోతున్నాయంటే ఆ చోటు ఖాళీ చేసుకోవచ్చు.

బయట తిరిగే లాప్‌టాప్ అయితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే డేటా చదవలేకుండా చేసే ఏర్పాటు) ఎంచుకోవాలి. తర్వాత పెట్టుకోవడం పెద్ద పని. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే లోపలి డేటా ఎవరూ తీయలేరు, తయారుచేసినవాళ్లు కూడా.

తెలుగు మాటేమిటి

తెలుగు చదవడానికి ఇప్పుడు ఏ డిస్ట్రోలోనూ ఇబ్బంది లేదు. ఒత్తులు, గుణింతాలు కూర్చే పనిని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్ అన్నీ దాన్నే వాడతాయి. నోటో తెలుగు, లోహిత్ ఖతులు (ఫాంట్లు) చాలాచోట్ల ముందే ఉంటాయి. డెబియన్, ఉబుంటు, మింట్‌లలో సాఫ్ట్‌వేర్ జాబితాలో వెతికితే తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు, తెలుగు విజయం ప్యాకేజీలోని మండలి, రామభద్ర, గిడుగు, సురవరం లాంటివి దొరుకుతాయి. ఒక్క క్లిక్‌తో దిగుతాయి, లైసెన్స్ గొడవ లేదు.

టైపింగ్‌కి రెండు దారులున్నాయి. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్ కావాలంటే కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే చాలు, వేరే ఏమీ దించనక్కర్లేదు. ఎడమ చేతికి అచ్చులు, కుడి చేతికి హల్లులు. లక్ష్మి అని రాయాలంటే ఎన్, కె, డి, షిఫ్ట్‌తో కామా, డి, సి, ఎఫ్ మీటలు వరుసగా నొక్కాలి. ఇందులో డి మీట పొల్లు, అంటే హల్లుని హల్లుతో కలిపేది. మొదటి వారం చేతులు తడబడతాయి, తర్వాత వేగంలో దీనికి సాటి లేదు. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు ఉన్నవాళ్లు ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ పెట్టుకోవాలి. అందులో ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులున్నాయి. యాపిల్ కీబోర్డు అలవాటైన డీటీపీ వాళ్లకి ఆ లేఅవుట్ కూడా అందులోనే ఉంది. ఏది ఎంచుకున్నా జీరో విడ్త్ నాన్ జాయినర్ కీ ఎక్కడుందో మొదటి రోజే కనుక్కోవాలి. సాఫ్ట్‌వేర్ అని రాయబోతే ట కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే.

అసలు పీటముడి డీటీపీ. తెలుగునాట పెళ్లి కార్డులు, కరపత్రాలు, చిన్న పత్రికలు, పుస్తకాలు దశాబ్దాలుగా పేజ్‌మేకర్‌లో అను ఖతులతో తయారయ్యాయి. అవి యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్నిచోట్లా ఒకే సంకేతం ఉండే పద్ధతి) ఖతులు కావు. తెలుగు అక్షరాల ముక్కల్ని ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో పెట్టి, తెర మీద తెలుగులా కనబడేట్టు చేసినవి. ఆ ఖతి లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తుల వరస కనబడుతుంది. ఇరవయ్యేళ్లుగా పోగైన ఫైళ్లున్న డీటీపీ సెంటర్‌ని లినక్స్‌కి మారమనడం న్యాయం కాదు, ఆ పనికి కావలసిన పాత విండోస్ మెషీన్‌ని నెట్‌కి తగిలించకుండా వేరుగా ఉంచుకోవడమే మార్గం. కొత్త పనిని మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టవచ్చు. పేజీలు కూర్చే స్క్రైబస్ 1.6 వెర్షన్ 2024 జనవరిలో వచ్చింది, అందులో తెలుగు ఒత్తులు సరిగ్గా పడతాయి. పోస్టర్లకి ఇంక్‌స్కేప్, ఫోటోలకి గింప్ ఉన్నాయి. పాత రాతని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి, కానీ మార్చాక ఒకసారి ప్రూఫు చూడకుండా అచ్చుకి పంపకూడదు. ఇలా మార్చినదాన్ని వెతకొచ్చు, ఫోన్‌లో చదవొచ్చు, ఈ-బుక్ చేయొచ్చు. ఈ ఒక్క కారణానికైనా తెలుగు ప్రచురణ రంగం పాత ఖతుల నుంచి బయటపడాలి. లినక్స్‌కి మారినా, విండోస్‌లోనే ఉన్నా ఈ పని తప్పదు.

ఆఫీసు ఉత్తరాలకి, లెక్కల షీట్లకి లిబ్రెఆఫీస్ సరిపోతుంది. ఎంఎస్ వర్డ్‌లో చేసిన టేబుళ్లు, పెట్టెలు ఉన్న ఫారం తెరిస్తే అమరిక ఒక్కోసారి చెదురుతుంది. అవతలివాళ్లకి చదవడానికే పంపుతుంటే పీడీఎఫ్ పంపడం మంచి అలవాటు.

పెట్టుకున్నాక

మొదటి రోజే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాం ఆన్ చేయాలి. అప్‌డేట్ వల్ల ఏదైనా చెడితే సిస్టమ్‌ని నిన్నటి స్థితికి తెస్తుంది. అది సొంత ఫైళ్లని కాపాడదు, వాటిని మామూలుగా కాపీ చేయదు కూడా. ఫోటోలు, డాక్యుమెంట్లకి వేరే బ్యాకప్ ఉండాల్సిందే.

సాఫ్ట్‌వేర్ కోసం గూగుల్‌లో వెతికి ఏదో సైట్ నుంచి సెటప్ ఫైల్ దించుకునే అలవాటు ఇక్కడ మానుకోవాలి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతికితే దొరకనిది అరుదు. నెట్‌లో ఎవరో రాసిన టెర్మినల్ కమాండ్‌ని, ముఖ్యంగా సిస్టమ్ మీద పూర్తి అధికారం ఇచ్చే సుడో అని మొదలయ్యేదాన్ని, ఏం చేస్తుందో తెలియకుండా పేస్ట్ చేయకూడదు. లినక్స్‌కి వైరస్‌లు రావు అన్న ధీమా కూడా పనికిరాదు. రావడం తక్కువ, అంతే. బ్యాంకు పేరుతో వచ్చే మోసపు లింకుకి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా ఒకటే.

సాయం విషయానికి వస్తే, బజారులో సిస్టమ్ రిపేరు చేసేవాళ్లలో లినక్స్ తెలిసినవాళ్లు తక్కువ. ఇది నిజమైన లోటు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ రూపొందించింది, ఇంజినీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలని నడుపుతోంది. దగ్గర్లోని కాలేజీలో అలాంటి బృందం ఉంటే వాళ్లు సంతోషంగా వచ్చి చేసి పెడతారు. పెద్ద ఎత్తున ఎలా చేయాలో చూడాలంటే కేరళ ఉంది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో ఐటీ ఎట్ స్కూల్‌గా మొదలై ఇప్పుడు కైట్ పేరుతో ఉన్న సంస్థ, ఉబుంటు ఆధారంగా బడికి కావలసినవన్నీ చేర్చి ఒకే సిస్టమ్ ఇస్తుంది, ఉపాధ్యాయులకి శిక్షణ ఇస్తుంది. ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకోవడంతో ఆగిపోకుండా, మనుషుల్ని తయారుచేయడం మీద ఖర్చు పెట్టారు. తెలుగు రాష్ట్రాల బడుల్లో మూలనపడ్డ కంప్యూటర్ ల్యాబులకి అలాంటి ఏర్పాటు ఎంతో అవసరం.

వెనక్కి రావాల్సి వస్తే ఏమిటన్నది కూడా ముందే చూసుకోవాలి. విండోస్‌తో కొన్న బ్రాండెడ్ లాప్‌టాప్‌లలో లైసెన్స్ కీ మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, లినక్స్ పెట్టినంత మాత్రాన పోదు. అదే ఎడిషన్ విండోస్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే మామూలుగా దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌ని మాత్రం విండోస్ ఇంకా ఉండగానే తయారుచేసి పక్కన పెట్టుకోవాలి. లినక్స్ నుంచి కూడా చేయొచ్చు కానీ ఆ దారి కొంచెం చుట్టుతిరుగుడు.